పేరు చుట్టిన సకినం

ఘన్‌పూర్ స్టేషన్ బయట మణెమ్మ చాయ్ దుకాణం ఉండేది. దుకాణమంటే నాలుగు గుంజలు, పైన తాటికమ్మలు, ముందు ఒక చెక్కబల్ల. కాజీపేట నుంచి పొద్దున వచ్చే ప్యాసింజరు కూత వినిపించేసరికి ఆమె మొదటి వాయి సకినాలు మూకుట్లోంచి తీసి, చాయ్ గిన్నెను పొంగు మీద పెట్టి ఉంచేది. బండి ఆలస్యమైనా ఆమె ఆలస్యం కాదు. ఒకసారి గడియారం ఆగిపోతే స్టేషన్ మాస్టరు మణెమ్మ పొయ్యి పొగ చూసి ముల్లు తిప్పుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. అబద్ధమే కావచ్చు, కానీ స్టేషన్ మాస్టరు ఎన్నడూ కాదనలేదు.

అందరి ఇళ్లలో ఏడాదికోసారి చుట్టే సకినాలను ఆమె రోజూ చుట్టేది. నానిన బియ్యం వడగట్టి, తడి ఆరకముందే రోట్లో దంచి, జల్లెడ పట్టి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపేది. ఉతికిన పాత ధోవతి నేల మీద పరిచి, దాని ముందు గొంతుక్కూర్చుని, పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ వదిలితే అది సన్నటి పేటలా దిగి చుట్టు మీద చుట్టుగా పడేది. కాస్త ఆరాక రేకు ముక్కతో లేపి నూనెలోకి జార్చేది. నూనె కాగిందో లేదో చూడటానికి మిగతావాళ్లు పిండి చుక్క వేస్తారు. మణెమ్మ ముక్కుతో చూసేది.

బెజవాడ వైపు నుంచి వచ్చిన ప్రయాణికులు అప్పుడప్పుడు దిగి, "ఇవేం జంతికలండీ, చుట్ట చుట్టుకుని పడుకున్నాయి" అని నవ్వేవాళ్లు. మణెమ్మ మాట విని ఇంకా నవ్వేవాళ్లు. తర్వాత చాయ్‌తో ఒకటి కొరికి, నవ్వడం మానేసి, ఇంటికి పొట్లం కట్టించుకునేవాళ్లు.

ఇవి అమ్మకానికి చుట్టే సకినాలు. వీటికి పేరుండదు. నాలుగు రోజులు గాలి తగిలితే మెత్తబడతాయి, చాయ్‌లో ముంచి మరిచిపోతే పిండై అడుక్కు చేరతాయి. పేరు పెట్టి చుట్టినవి వేరు.

అది ఆమెకు అత్త నేర్పిన పని. ఊరు విడిచిపోయిన మనిషి పేరును ఆ ఇంటి ఆడవాళ్లు వచ్చి చెప్పాలి. మణెమ్మ ఆ పేరును మనసులో తలుచుకుంటూ చుట్టి, చివరను బొటనవేలితో నొక్కి, అక్కడ పసుపు చుక్క పెట్టేది. ఆ మనిషి ఎక్కడో ఒకచోట ప్రాణాలతో ఉన్నంతకాలం ఆ సకినం మెత్తబడదు. వానలో పెట్టినా, మరిగే చాయ్‌లో ముంచి తీసినా, గోటితో కొడితే టక్కుమంటుంది. మనిషి పోతే ఆ రోజే వంగుతుంది. విరగదు, పిండి కాదు, తోలు ముక్కలా వేలికి చుట్టుకుంటుంది. ఇందులో వింతపడాల్సింది ఏముందని ఎవరూ వింతపడలేదు. కుక్కకు తోక ఉంటుంది, పేరు చుట్టిన సకినం టక్కుమంటుంది.

మొగుడి పేరు నోటితో పలకని ఆడవాళ్లు కూడా ఆ ఒక్క పనికి పలకాల్సి వచ్చేది. కొందరు సిగ్గుతో మణెమ్మ చెవిలో చెప్పేవాళ్లు. ఎల్లయ్య పెళ్లాం కట్టమ్మ మాత్రం కొట్టినట్టు పైకే చెప్పింది. ఎల్లయ్య బొంబాయి మిల్లుకు పోయి అక్కడ ఇంకో ఆమెతో ఉంటున్నాడని వినికిడి. కట్టమ్మ వారం వారం డబ్బీలో సకినం తెచ్చి, చాయ్ తీసుకుని, అందులో ముంచి గోటితో కొట్టి చూసేది.

"బతికే ఉన్నడు దిక్కుమాలినోడు. మరి ఉత్తరమెందుకు రాయడవ్వా?"

"సకినం బతుకు సంగతి చెప్తది బిడ్డా, బుద్ధి సంగతి చెప్పదు" అనేది మణెమ్మ.

వంగిన సకినాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. పోయినవాళ్ల గుండె మీద పెట్టి వాళ్లతోనే పంపాలి. శవం దొరకకపోతే వాగులో వదలాలి. అది పెద్దల నాటి కట్టడి, దాన్ని తప్పినవాళ్లు లేరు.

నైజాం పోయిన మరుసటేడు వానాకాలానికి పేరు చుట్టించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. దొరల భూములు పంచిన సంగపోళ్లు తుపాకులు పట్టుకుని అడవుల్లో ఉన్నారు. వాళ్లను వెతికే క్యాంపులు ఊళ్ల పక్కన వెలిశాయి. ఏ అడవిలో ఏ కాల్పులు జరిగినా మరునాడు మణెమ్మ దుకాణం దగ్గర ఆడవాళ్లు గుమిగూడేవాళ్లు. చాయ్ గ్లాసుల్లో టక్కు, టక్కు అని వినిపిస్తే ఒక్కొక్కరే కొంగుతో మొహం తుడుచుకుని పనికి పోయేవాళ్లు.

మణెమ్మ కొడుకు పోశాలు కూడా అలా అడవి పట్టిన ఒక దళంలో ఉన్నాడు. ఒక్కగానొక్క కొడుకు, ఇంకా పెళ్లి కాలేదు. తుపాకీ పట్టేవాడు కాదు, చిట్టీలు మోసేవాడు. దళానికి పెద్ద లక్ష్మణ్. స్టేషన్‌కు ఉత్తరాన గుట్ట కింద ఉన్న లంబాడీ తండా అతనిది. క్యాంపువాళ్లు రాత్రింబవళ్లు వెతుకుతున్నది అతని కోసమే. అతని పెళ్లాం ద్వాళి కట్టెల మోపు తెచ్చి మణెమ్మకు వేసేది. మోపు దించి, చాయ్ తాగి, కొంగు ముడి విప్పి మొగుడి సకినాన్ని ముంచి చూసుకుని పోయేది. పోశాలు సకినం మణెమ్మ ఇంట్లో, దేవుని గూట్లో చిన్న కడువలో ఉండేది.

ఆ శుక్రవారం పొద్దున ఆమె దీపం పెట్టి కడువలో చెయ్యి పెట్టింది. వేళ్లకు తగిలింది తగిలినట్టే వంగింది.

తను సరిగా పట్టుకోలేదనుకుంది. వెలుతురులోకి తెచ్చి గోటితో కొట్టింది. చప్పుడు రాలేదు. పొయ్యి మీది చాయ్ కొంచెం గ్లాసులో పోసి ఒక అంచు ముంచింది, తీసింది, కొట్టింది. చాయ్‌ను అనుమానించింది. పాలు విరిగాయేమోనని ఆ గిన్నెడు చాయ్ పారబోసి, మళ్లీ నీళ్లు పెట్టి, మళ్లీ ఆకు వేసి, కొత్త చాయ్ కాచి ముంచింది. కూత వినిపించింది. బండి వచ్చింది. ఆ సకినాన్ని కొంగులో కట్టుకుని, దుకాణానికి పోయి వచ్చినవాళ్లందరికీ చాయ్ పోసింది. ఆమెకు ఏడుపు రాలేదు. చాయ్ తాగి వెళ్లిపోతున్న ప్రతి మనిషి మీదా కోపం వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని కాదు, నిజమని ఆమెకు తెలుసు. కొడుకు శవం చూడకుండా వాగులో ఏం వదలాలి? ఎక్కడో ఒకచోట ఉంటాడు. వెతికి తెచ్చుకోవాలి. తెచ్చుకుని చెలక గట్టున వాళ్ల నాయిన పక్కన పెట్టాలి. పెళ్లి కానివాణ్ని కాల్చరు, మట్టిలో దాస్తారు. గొయ్యి ఎక్కడ తవ్వాలో కూడా ఆమె మనసులో అనుకుంది. అక్కడ కుంకుడు చెట్టు వేరు అడ్డం వస్తుంది, గొడ్డలి కావాలి అనుకుంది.

ఆ మధ్యాహ్నమే జమేదారు ఉప్పలయ్య వచ్చాడు. క్యాంపులో ఉండే జమేదార్లలో ఈ ప్రాంతపు మనిషి అతనొక్కడే, దంతాలపల్లి దిక్కువాడు. పొద్దుటి బండి పోయి చాలాసేపయింది. దుకాణంలో మణెమ్మ, అప్పుడే మోపు దించిన ద్వాళి తప్ప ఎవరూ లేరు. ద్వాళి చేతిలో చాయ్ గ్లాసుంది. ఆమె సకినం అంతకుముందే టక్కుమంది. మళ్లీ కొంగున కట్టుకుంది.

జమేదారు బల్ల మీద కూర్చుని టోపీ తీసి పక్కన పెట్టాడు.

"ద్వాళీ, ఇయ్యాల పొద్దుగాల వాగు మత్తడి కాడ ఒక పీనుగు దొరికింది. పోయిన రేత్రి కాల్పులల్ల పోయినట్టుంది. మొఖం ఆనవాలు పట్టేటట్టు లేదు. నడుముకు అద్దాలు కుట్టిన సంచి ఉన్నది. మీ తండా కుట్టు. లక్ష్మణ్‌దే అని మా పెద్దసారు అంటున్నడు."

ద్వాళి గ్లాసు కింద పెట్టింది.

"ఇంకేమన్న ఆనవాలు ఉన్నదా సాబ్?" అని మణెమ్మ అడిగింది. తన గొంతు మామూలుగా ఉండటం ఆమెకే ఆశ్చర్యమనిపించింది.

"ఎడమ చేతి మీద పాత కాలిన మచ్చ ఉన్నది. అరచెయ్యంత."

మణెమ్మ మూకుడు వైపు చూసింది. పోశాలు నడక నేర్చిన ఏడాది మూకుట్లో తేలుతున్న సకినం కోసం చెయ్యి చాచాడు. నూనె ఒలికి ఎడమ చెయ్యి కాలింది. పెద్దయ్యాక దాన్ని చూపించి, "నా చెయ్యి ఒక వాయి ఏగిందే అవ్వా" అని నవ్వించేవాడు.

జమేదారు చెప్పుకుపోయాడు. "లక్ష్మణ్‌దే అని తేలితే కాగితం మూసేస్తరు. క్యాంపు ఇక్కడికెళ్లి లేస్తది. కాదని తేలితే మాత్రం పెద్దసారు మాటిచ్చిండు. తండా గుడిసెలన్నీ కాలవెట్టి, మిమ్ములను లారీలల్ల ఎక్కిస్తరు. లక్ష్మణ్ దొరికినాకనే ఇడుస్తరు. రేపు పొద్దుగాల నీ పెనిమిటి సకినం పట్టుకరా. నా ముంగట చాయ్‌ల ముంచాలె. మణెమ్మనే ముంచాలె."

"సకినం మీద కాగితం రాస్తరా?" అంది ద్వాళి, నెమ్మదిగా.

"దేని మీద రాయమంటవు మరి? నోటి మాట మీదనా? మా నాయిన భూపాలపల్లి అడవిల కట్టెకోతకు పోయి పోయిండు. ఎవరూ వచ్చి చెప్పలే. ఈ అవ్వ చుట్టిన సకినమే చెప్పింది. వేలుకు చుట్టుకొని ఏడ్చిన నేను. నాకు తెల్వదా?" టోపీ పెట్టుకుని, చాయ్ తాగకుండానే లేచిపోయాడు.

అతను పట్టాలు దాటి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ కదలలేదు. తర్వాత ద్వాళి కొంగు ముడి విప్పి మొగుడి సకినాన్ని మణెమ్మ ముందు పెట్టింది.

"ఇది నా మాట ఇనది మణెమ్మవ్వా. పీనుగు ఆయనదే అని నేను ఒట్టేసి చెప్త. ఇది మాత్రం టక్కుమంటది. ఏం చేద్దాం? పేరు లేనిది ఒకటి ముంచుదామా?"

"అది పిండైతది. వంగది. వానికి తెలుసు, చెప్పిండు గద."

అయినా మనిషి ఆశ మనిషిది. లక్ష్మణ్ సకినాన్ని ఉడుకు నీళ్లలో వేసి మూత పెట్టారు. ఆవిరి పట్టారు. ద్వాళి దాన్ని తడిబట్టలో చుట్టి రాయి కింద పెట్టి, పైన తాను కూర్చుంది. తీసి చూస్తే అప్పుడే వేగినట్టు తెల్లగా, గట్టిగా ఉంది. ద్వాళి దాన్ని చూసి నవ్వింది, ఆ నవ్వుతోనే ఏడ్చింది. మొగుడు బతికి ఉన్నందుకు ఏడ్చే ఆడదాన్ని మణెమ్మ అప్పుడే మొదటిసారి చూసింది. ఆ సంగతి ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకోకూడదని తెలుసు. తెలిసినా గుచ్చుకుంది.

కళ్లు తుడుచుకుంటూ ద్వాళి హఠాత్తుగా ఆగింది.

"ఆ సంచి నేను కుట్టిందే. కానీ పోయిన నెల వచ్చినప్పుడు ఆయన నడుముకు లేకుండె. అడిగితే, పోశాలుకు ఇచ్చిన, చిట్టీలు తడ్వకుంట ఉంటయి అన్నడు." ఆమె మణెమ్మ మొహంలోకి చూసింది. "అవ్వా, ఆ పీనుగు ఎవరిది?"

మణెమ్మ తన కొంగు ముడి విప్పింది. వంగిన సకినం బల్ల మీద పడింది. పడినా చప్పుడు కాలేదు.

చాలాసేపు గూడ్సు బండి ఒకటి పోతూ ఉంది. అది పోయాక ద్వాళి లేచి తలగుడ్డ సర్దుకుంది.

"నేను క్యాంపుకు పోత. ఆ పీనుగు మా ఆయనది కాదని చెప్త. నీ కొడుకును నువ్వు తెచ్చుకో."

"తండాను కాలవెడ్తరు."

"గుడిసెలే గద. మళ్లా ఏసుకుంటం."

"మనిషినో?"

ద్వాళి వెనక్కి రాలేదు, గుంజ పట్టుకుని నిలబడింది. నిజంగా పోయేటట్టే ఉంది. ఆమె బతిమాలి ఉంటే మణెమ్మకు తేలికయ్యేది, కాదనడానికి ఏదో ఒక మాట దొరికేది. బతిమాలలేదు. కొడుకును నువ్వు తెచ్చుకో అంది.

మణెమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. చించుకోకపోతే లోపల ఏమవుతుందో ఎవరూ చెప్పరు. చెలక గట్టున పూడ్చుకుంటే పోశాలు ఆమెకు దక్కుతాడు. పొద్దున్నే పోయి కూర్చోవడానికి ఒక జాగా ఉంటుంది. ఆ శవాన్ని లక్ష్మణ్ పేరు మీద ఇవ్వకపోతే అతన్ని వేటాడతారు, ఇవాళ కాకపోతే రేపు పట్టుకుంటారు. అప్పుడు ఈ పిల్ల కొంగులోది కూడా వంగుతుంది. లక్ష్మణ్‌ను పట్టుకున్నాక పోశాలు తిరిగి వస్తాడా అంటే రాడు. ఆ లెక్క ఎంత తిప్పి వేసినా అక్కడికే వచ్చింది. లెక్క సరిగా ఉన్నంత మాత్రాన మనసు ఊరుకోదు.

"కూసో" అంది చివరికి. "రేపు దీన్ని ముంచుత. లక్ష్మణ్‌దని చెప్త."

ద్వాళి కూర్చోలేదు. "అట్లయితే నీకు తెల్వంది ఒకటి ఉన్నది అవ్వా. మా దాంట్ల పెండ్లైనోళ్లను కాలుస్తరు. ఆయన పేరు మీద పోతే పోశాలును పూడ్చనియ్యరు."

మణెమ్మ ఆ మాటకు సిద్ధంగా లేదు. గొయ్యి తవ్వే చోటు, అడ్డం వచ్చే వేరు, తీసుకుపోవాల్సిన గొడ్డలి అన్నీ ఒక్కసారిగా ఎవరో లాక్కున్నట్టయింది. కాళ్ల దగ్గర పిండి ముద్ద ఉంటే దాన్ని చేతిలోకి తీసుకుని ఊరికే పిసుకుతూ కూర్చుంది. ముద్దను పక్కన పెట్టి, "కాలవెట్టుండ్రి" అంది.

"నేను గాజులు తియ్యాలె."

"తీస్తవా?"

ద్వాళి భుజం దాకా ఉన్న తెల్లటి బలియా గాజులను చూసుకుంది. "తీస్త. పోశాలు కోసం తీస్త. ఆయన బతికుండంగ ఆయన పేరు మీద తియ్యొద్దు. ఊరు ఏమన్న అనుకోని, నేను తీసేది నీ కొడుకు కోసం." అప్పుడు వచ్చి మణెమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. "యాడీ" అంది. వాళ్ల భాషలో అది తల్లిని పిలిచే మాట.

మరునాడు పొద్దున బండి వచ్చి పోయాక జమేదారు ఉప్పలయ్య ఇద్దరు పోలీసులతో వచ్చాడు. స్టేషన్ దగ్గరి జనమంతా మూగారు. నోట్లో నువ్వుగింజ నానని ఊరది, ఎవరూ పిలవకుండానే అందరికీ తెలిసింది. తండా పెద్ద చందూలాల్ వచ్చాడు. కట్టమ్మ డబ్బీ కూడా మరిచిపోయి వచ్చింది.

మణెమ్మ చాయ్ కాచింది. పాలు పోసింది, ఆకు వేసింది, పొంగనిచ్చి గ్లాసులో వడగట్టింది. ద్వాళి కొంగు ముడి విప్పి సకినాన్ని అందించింది. రాత్రి తండాకు పోయేముందు ఆ రెండు సకినాలూ కొంగులు మారాయి. పసుపు చుక్కలు రెండింటికీ ఒకలాగే ఉన్నాయి. పెట్టిన వేలు ఒకటే కదా.

అందరూ చూస్తుండగా ముంచి తీసింది. గోటితో కొట్టింది. చప్పుడు రాలేదు. జమేదారు చెయ్యి చాచాడు. మణెమ్మ అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని చూపుడువేలికి చుట్టుకున్నాడు. అది చుట్టుకుంది. విరగలేదు. కొద్దిసేపు అతను ఎక్కడున్నాడో మరిచిపోయినట్టు ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు.

జనంలో ఆడవాళ్లు శోకం అందుకున్నారు. చందూలాల్ మాత్రం ఏడవలేదు. లక్ష్మణ్ ముందురోజు రాత్రే తండా వెనక గుట్ట మీదికి వచ్చి, తనతో రొట్టె తిని పోయిన సంగతి ఆయనకు తెలుసు. వంగిన సకినాన్ని చూశాడు, ద్వాళిని చూశాడు, తర్వాత మణెమ్మను చూశాడు. చూసి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

అంతా అయిపోయిందనుకున్నప్పుడు జమేదారు వెళ్లబోతూ ఆగాడు.

"నీ కొడుకు గూడ లక్ష్మణ్‌తోనే ఉండె గద మణెమ్మా. వానిదెట్లున్నది?"

ఏ మనిషి బతుకు గురించీ మణెమ్మ అంతవరకు అబద్ధం చెప్పి ఎరగదు. అబద్ధం చెప్పాల్సిన పని సకినాలు ఎప్పుడూ పెట్టలేదు.

"మంచిగున్నది సాబ్."

"తియ్యి, చూస్త."

ఆమె కొంగు విప్పింది. లక్ష్మణ్ సకినాన్ని తీసి, పోశాలుదని చెప్పి, అదే గ్లాసులో అదే చాయ్‌లో ముంచింది. లోపలెక్కడో, ఇది నిజంగా నా కొడుకుదైతే బాగుండు అనిపించింది. ఆ అనిపించడంలో చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైంది. తీసి గోటితో కొట్టింది. టక్కుమంది. ఆ చప్పుడు స్టేషన్ గోడ దాకా వినిపించింది.

"గట్టోడే" అన్నాడు జమేదారు. "వచ్చి లొంగిపొమ్మను. చిట్టీలు మోసిన పోరడు, నేను మాట్లాడి ఇడిపిస్త. నీకు వాడన్న మిగిలిండు." వేలికి ఉన్న సకినాన్ని జాగ్రత్తగా విప్పి ద్వాళి చేతిలో పెట్టాడు. "పీనుగును తండాకు పంపిస్త. దీన్ని గుండె మీద పెట్టి సాగనంపుండ్రి. రేపటిసంది మీ తండా మొఖం ఎవరూ చూడరు."

మధ్యాహ్నానికి ఎడ్లబండిలో శవం తండాకు చేరింది. పైనుంచి కింది దాకా తెల్లబట్ట చుట్టి ఉంది. గుట్ట కింద చితి పేర్చారు. ద్వాళి చేతుల మీది గాజులు ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. తీస్తున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏ పేరు పలుకుతున్నదో పక్కన కూర్చున్న మణెమ్మకు మాత్రమే తెలుసు. తన కొడుకు పెళ్లి చూడలేదనే బాధ ఆమెకు ఎప్పటినుంచో ఉంది. పెళ్లికి ముందే వాడి కోసం గాజులు తీసే పిల్ల దొరికింది.

పోలీసులు దూరంగా నిలబడ్డారు. జమేదారు చెట్టు కింద ఉన్నాడు. చందూలాల్ చితి దగ్గరికి వచ్చి అందరికీ వినిపించేటట్టు అడిగాడు.

"తల్లి వచ్చి నోట్ల బియ్యం పెట్టాలె. లక్ష్మణ్‌కు తల్లి లేదు, వాడు చిన్నగున్నప్పుడే పోయింది. తల్లి జాగల ఎవరు నిలబడ్తరు?"

తండాలో ముసలవ్వలు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో ఎవరూ లేవలేదు. చందూలాల్ వాళ్లకు ఏం చెప్పాడో, ఎప్పుడు చెప్పాడో తెలియదు. అందరూ తలలు వంచుకుని నేల చూస్తున్నారు.

మణెమ్మ లేచింది.

దారి ఇచ్చారు. ఆమె చితి దగ్గరికి పోయి బట్టలో చెయ్యి పెట్టి ఎడమ చేతిని వెతికి పట్టుకుంది. అరచెయ్యంత మచ్చను బొటనవేలితో తడిమింది. నోటి దగ్గర బియ్యం పెట్టింది. ద్వాళి అందించిన సకినాన్ని తీసుకుని గుండె మీద పెట్టి, జారకుండా అంచు నొక్కింది. అంతవరకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కొడుకా, నా కొడుకా అని గుట్ట పలికేటట్టు ఏడ్చింది. నిన్ను ఎత్తుకున్న చేతులు ఇవే కొడుకా, నూనె కాలిన నాడు ఊదిన నోరు ఇదే కొడుకా అని ఏడ్చింది. మన దిక్కున ఎవరి బిడ్డనైనా కొడుకా అనే పిలుస్తారు, అందుకని ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

జమేదారు ఉప్పలయ్య చందూలాల్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఎవలి కొడుకు కోసమో గింత ఏడుస్తున్నది ముసల్ది" అన్నాడు. అతని కళ్లు కూడా తడిగా ఉన్నాయి.

"అవును సాబ్" అన్నాడు చందూలాల్. "తల్లి లేనోనికి తల్లి దొరికింది."

చితి అంటుకుంది. మణెమ్మ మంట తగిలేంత దగ్గరగా నిలబడి, కట్టెలన్నీ కూలేదాకా ఏడ్చింది. అందరు తల్లులు ఏడ్చే మాటలన్నీ ఏడ్చింది. పోశాలు పేరు మాత్రం పలకలేదు.